ఏడో నంబరు

పిఠాపురంలో బస్టాండుకి దగ్గరగా, ఒక ఎరువుల కొట్టు పైనున్న మేడగదిలో నేను దాదాపు రెండేళ్ళు పనిచేశాను. అది నా మొదటి ఉద్యోగం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. రాజమండ్రిలో ఒక శిక్షణ సంస్థలో సి ప్లస్ ప్లస్ నేర్చుకున్నాను గాని, హైదరాబాదు వెళ్ళే ధైర్యం లేకపోయింది. మా నాన్నగారు సామర్లకోటలో ప్రైమరీ స్కూలు మాస్టారు. "ఆడపిల్ల పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చే ఉద్యోగం. ఇంకేం కావాలి?" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఆ గదిలో ఉన్నది చేనేత మగ్గాలకి అట్టలు కొట్టే యంత్రం. చీర అంచులో తీగలూ పువ్వులూ రావడానికి కొందరు మగ్గం పైన జాకార్డు అనే పెట్టె బిగించుకుంటారు. చిల్లులు పొడిచిన అట్టలు వరసగా దారంతో కుట్టి దానికి వేలాడదీస్తారు. పేక పోగు ఒక్కోసారి అటూ ఇటూ వెళ్ళడానికి ఒక్కో అట్ట. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, దానికి కట్టిన పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట సూది ఆగిపోతుంది, పోగు లేవదు. అంతే. లేచిన పోగుల మధ్య నుంచి జరీ వెళ్తే పువ్వు పడుతుంది.

మా ఓనరుగారు అంతకుముందు పదిహేనేళ్ళు ఆ చిల్లులు చేత్తో కొట్టిన మనిషి. కుడిచేతి బొటనవేలు సగం వంగిపోయి ఉండేది. ఎక్కడో వాడిన యంత్రాన్ని కొనుక్కొచ్చి, దాన్ని కంప్యూటరుకి తగిలించి నడపడానికి నన్ను పెట్టుకున్నారు. యంత్రంతో పాటు ఒక ఫ్లాపీ, కుట్లు ఊడిన చిన్న పుస్తకం ఒకటి వచ్చాయి. ఫ్లాపీలో యంత్రాన్ని కదిపే ఫంక్షన్లు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కలు, ఉన్నాయి. ప్రతి ఫంక్షనూ తన పని అయ్యాక ఒక అంకె తిరిగిచ్చేది. సున్నా అంటే పని సరిగ్గా అయినట్టు. ఒకటి అంటే అట్ట పెట్టలేదని. రెండు అంటే మూత తెరిచి ఉందని. అలా తొమ్మిది వరకూ ఉన్నాయి. ఏడుకి ఎదురుగా, చిల్లు పొడిచే పంచ్ పూర్తిగా దిగలేదని ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఉండేది.

ఆ ఫంక్షన్లని అలాగే వాడుకుంటే సరిపోయేది. కానీ నేను నేర్చుకున్న విద్య చూపించుకోవాలి కదా. యంత్రాన్ని నడిపే పని మొత్తాన్నీ ప్రోగ్రాంలో క్లాసు అనే ఒక కట్టడంలో పెట్టాను. రాజమండ్రిలో మా సారు చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "క్లాసంటే సంసారం లాంటిదమ్మా. ఇంటి గుట్టు వీధిలో పడకూడదు. బయటివాడికి వీధి తలుపు ఒక్కటే కనపడాలి" అనేవారు. లోపల ఏదైనా పొరపాటు జరిగితే ఆ సంగతి బయటికి ఎలా చెప్పాలో కూడా పుస్తకంలో ఒక అధ్యాయం ఉండేది. అక్కడికొచ్చేసరికి కోర్సు రోజులు అయిపోయాయి. "ఇది పరీక్షకి రాదు" అని ఆయన పేజీలు తిప్పేశారు. మేం సంతోషించాం.

నేను మొదట రాసిన ప్రోగ్రాం అందంగా లేకపోయినా నిజాయితీగా ఉండేది. అట్ట కొట్టాక వచ్చిన అంకె చూసేది. సున్నా కాకపోతే యంత్రాన్ని ఆపి తెర మీద ఆ నంబరు చూపించేది. నేను ఆ అట్ట తీసి పారేసి, కొత్తది పెట్టి, మళ్ళీ కొట్టించేదాన్ని.

నేతపని చేసే ఒకాయన మా దగ్గరికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఉప్పాడ అవతల సముద్రం ఒడ్డున ఒక ఊరు. యాభై అయిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి. మేడ మెట్లెక్కి వచ్చి, భుజం మీద తువ్వాలు తీసి, అందులో ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతల దగ్గర చిరిగిపోతున్న గళ్ళ కాగితం ఒకటి తీశారు. కలువ మొగ్గలూ, వాటిని కలుపుతూ సన్నటి తీగా. వాళ్ళ నాన్న గీసిందట. పాత అట్టలు చెదలు పట్టి పోయాయి, మళ్ళీ కొట్టించుకోవాలని వచ్చారు.

ఆ డిజైను గడి గడిగా కంప్యూటర్లోకి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. "ఆ గడి కాదమ్మా, దాని పక్కది" అని రెండుసార్లు ఆపారు. రెండుసార్లూ ఆయన చెప్పిందే సరి. నాకు ఇరవై మూడేళ్ళు, అద్దాలు పెట్టుకుని కాగితం మీదికి వంగి చూస్తున్నాను. ఆయన అంత దూరంలో కూర్చుని చెబుతున్నారు.

"మీకు కళ్ళజోడు లేదా బాబాయిగారూ?" అన్నాను.

"ఎందుకమ్మా? సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను. మా ఆవిడకి కూడా నేనే ఎక్కించి ఇస్తాను" అని నవ్వారు.

కాసేపయ్యాక యంత్రం వైపు చూస్తూ, "ఇది తప్పు కొడితే మనకి తెలుస్తుందా?" అని అడిగారు.

"తెలుస్తుందండి. ఆగిపోయి నంబరు చూపిస్తుంది."

"అయితే నాకంటే నయమే. నేను తప్పు నేస్తే జానెడు పోయాక గాని కనపడదు" అన్నారు.

ఆయనకి నేను అబద్ధం చెప్పలేదు. ఆ రోజుకి అది నిజమే.

వారం తిరక్కుండానే ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం అయ్యేసరికి కరెంటు పోవడం కాదు, ఉండీ లేనట్టుండేది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేలా తిరిగేది. యంత్రంలో పంచ్‌ని కిందికి లాగే అయస్కాంతానికి బలం చాలక, అట్ట అట్టకీ ఏడు రావడం మొదలైంది. ఆపడం, తీయడం, కొత్తది పెట్టడం. సాయంత్రానికి గదిలో మూల నిండా పారేసిన అట్టలే. ఓనరుగారు ఒక అట్ట తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశారు. నాకూ చూపించారు. చిల్లులన్నీ ఉన్నాయి. వెలుతురు అన్నింట్లోంచీ వస్తోంది.

"బానే ఉంది కదమ్మా. దీన్నెందుకు పారేస్తున్నాం?"

"ఏడు వచ్చింది సార్. పూర్తిగా దిగలేదంటోంది."

"అది అంటే సరా? నేను పదిహేనేళ్ళు కొట్టాను. నాకు తెలీదా చిల్లు దిగిందో లేదో? ఆ నంబరు రాకుండా చేసెయ్. ఇలా అయితే ఏడాదికి కూడా తెమలవు."

ఆయన అరవలేదు. విసుక్కున్నారు, అంతే. నేను కాదనగలిగేదాన్నే. కానీ నాకూ విసుగ్గానే ఉంది. పైగా అన్ని అంకెలు తనిఖీ చేసే ఆ ప్రోగ్రాం నాకే నచ్చేది కాదు. ప్రతి రెండు వరసలకీ ఒక 'అయితే', 'కాకపోతే'. మా సారు చూస్తే ముఖం చిట్లించేవారు.

ఆ మధ్యాహ్నం నేను చేసింది చాలా చిన్న పని. అట్ట కొట్టే ఫంక్షను ముందు, అంకె తిరిగిస్తుందని చెప్పే 'ఇంట్' ఉన్నచోట 'వాయిడ్' అని రాశాను. ఈ ఫంక్షను తిరిగి ఏమీ చెప్పదని దానర్థం. లోపల అంకె వస్తూనే ఉంటుంది. అందుకునేవాళ్ళు ఉండరు. వచ్చిన అంకెలన్నీ ఒక ఫైల్లోనైనా రాసి ఉంచితే మంచిదని తోచింది. 'ఇది తర్వాత చేయాలి' అని ప్రోగ్రాంలోనే ఒక వరస పెట్టుకున్నాను. తర్వాత చేయలేదు. యంత్రం ఆగకుండా టకటకా కొట్టుకుపోతుంటే ఓనరుగారు సోడా తెప్పించారు.

ఆ వారమే కలువ మొగ్గల అట్టలు కొట్టాను. నాలుగొందల పైచిలుకు. ఆయన వచ్చి, కట్టలు కట్టుకుని, సైకిలు వెనక పెట్టుకుని వెళ్ళారు.

మళ్ళీ వచ్చింది తొలకరి పడ్డాక. ఈసారి తువ్వాలులో చీర తెచ్చారు. బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించారు. ఒక మొగ్గ పొట్టలో రెండు పోగులు లేవలేదు. దాని పక్క మొగ్గ చక్కగా ఉంది. దాని పక్కదీ బాగుంది. పది మొగ్గలు దాటాక తీగలో ఒకచోట తెగింది. ఇంకోచోట ఆకు కొన లేదు.

"అట్టలో తప్పుంటే ప్రతి మొగ్గకీ అదే చోట పడాలి కదమ్మా" అన్నారు. "ఇది అలా పడట్లేదు. ఓసారి పడి ఓసారి పడట్లేదు. అయినా అడుగుదామని వచ్చాను."

నేను కంప్యూటర్లో డిజైను తెరిచాను. ఆయన చూపించిన ప్రతి చోటూ తెర మీద చూశాను. ఒక్క గడి కూడా తప్పులేదు.

"కంప్యూటర్లో అంతా కరెక్టుగా ఉంది బాబాయిగారూ" అన్నాను.

అట్టలు ఒకసారి తెమ్మని అనలేదు. ఏడో నంబరు ఆ సమయంలో నాకు గుర్తుకే రాలేదని చాలా ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చాను. అది నిజం కాదు. గుర్తొచ్చింది. గుర్తొచ్చి, దానివల్లే అయితే తప్పు ఒకేచోట పడాలి కదా, ఆయనే అన్నారు కదా అని సరిపెట్టుకున్నాను.

ఆయన చీర మడత పెట్టుకున్నారు. "అయితే నా దగ్గరే ఉందన్నమాట" అన్నారు. గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకున్నారు. అంతకుముందు అలా పట్టుకోవడం నేను చూడలేదు.

భాద్రపదంలో వారం రోజులు ముసురు పట్టింది. మా గది కిటికీ రెక్క సరిగా పడక, కింద పెట్టిన మాదిరి అట్టల కట్ట చెమ్మెక్కింది. వేసవిలో కొట్టిన అట్టలే అవి. ఆరబెడదామని ఒక్కోటీ విడదీస్తున్నాను. ఒక అట్టలో, చిల్లు ఉండాల్సిన చోట చిల్లు లేదు. నున్నగా మూసుకుపోయి ఉంది. జడ పిన్నుతో పొడిస్తే తలుపులా తెరుచుకుంది. పిన్ను తీస్తే మళ్ళీ మూసుకుంది. పంచ్ చుట్టూ కోసింది గాని, చివర ఒక నూలు పోగంత తెగకుండా వదిలేసింది. ఎండకి అట్ట బిగుసుకుంటే ఆ రెక్క వంగి తెరిచే ఉంటుంది. చెమ్మ తగిలితే అట్ట ఉబ్బి మూసుకుంటుంది. అంతకంటే ఏమీ లేదు.

సముద్రం ఒడ్డు ఊళ్ళో తెల్లారుజామున గాలి ఎలా ఉంటుందో నాకు తెలుసు. గోడ మీద చెయ్యి వేస్తే తడి అంటుకుంటుంది.

కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి లేచి, ప్రోగ్రాం తెరిచి, రాజమండ్రిలో మేం తిప్పేసిన అధ్యాయం పుస్తకంలో తీసి చదువుకున్నాను. ఈసారి అంకె తిరిగివ్వడం కాదు, సున్నా కాకపోతే 'త్రో' అని రాశాను. పొరపాటుని పైకి విసరడం అది. పట్టుకునేవాళ్ళు లేకపోతే ప్రోగ్రాం మొత్తం అక్కడే పడిపోతుంది. పడిపోవాలనే రాశాను. ఆ రోజు కరెంటు ఫరవాలేదు. అయినా గంటలో నాలుగుసార్లు పడిపోయింది.

వేసవిలో కొట్టిన అట్టల్లో ఎన్నింటికి ఏడు వచ్చిందో తెలుసుకునే దారే లేదు. ఎక్కడా రాసి లేదు. యంత్రం ప్రతిసారీ చెప్పింది, నేను ప్రతిసారీ పారేశాను.

ఓనరుగారికి చెప్పాను. ఆయన పిన్ను తీసుకుని తనే పొడిచి చూశారు. ఇంకో నాలుగు అట్టలు తీసి పొడిచారు.

"ఎవరితోనూ అనకమ్మా" అన్నారు చివరికి. "తెలిస్తే మన మెట్లెవరెక్కుతారు? స్టెబిలైజరు కొంటాను. ఆ నాలుగు నెలల్లో కొట్టినవన్నీ మళ్ళీ కొట్టి ఇచ్చేద్దాం. అట్ట నాసిరకం వచ్చింది, అందుకని మారుస్తున్నామని చెబుదాం."

అన్నట్టే చేశారు. ఆయన చెడ్డవారు కారు. ఒక్కొక్కరికే కబురు పెట్టి, పాతవి వెనక్కి తీసుకుని, కొత్తవి ఇచ్చారు. కలువ మొగ్గలాయనకి మాత్రం రెండుసార్లు కబురు పెట్టినా రాలేదు. ఒక ఆదివారం కొత్త అట్టలు రెండు సంచుల్లో పెట్టుకుని నేనే ఉప్పాడ బస్సు ఎక్కాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన భార్య అరుగు మీద చేపలు బాగు చేస్తున్నారు. ఫలానా అని చెప్పగానే చేతులు కడుక్కుని లోపలికి తీసుకెళ్ళారు. ముందుగదిలో మగ్గం లేదు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట ఉండాల్సిన చోట ఇసక పోసి చదును చేసి ఉంది. పైన దూలానికి జాకార్డు పెట్టె గోనెపట్టా కప్పుకుని ఇంకా వేలాడుతోంది.

"శ్రావణంలో దిగిపోయారండి మగ్గం" అన్నారామె. "మా మరిది కొడుకు కావాలంటే కర్రలన్నీ ఇచ్చేశారు. పెట్టె వాడికక్కర్లేదన్నాడు. ఈయన రొయ్యల చెరువు దగ్గర కాపలాకి వెళ్తున్నారు. అన్నం తినడానికి వస్తారు, కూర్చోండి."

నేను కూర్చున్నాను. అడక్కుండానే ఆమె చెప్పుకుంటూ వెళ్ళారు. ఆమెకి చెప్పుకునే మనిషి దొరికి చాలా రోజులైనట్టుంది.

"పొద్దున్నే నేస్తే తప్పు పడేదండి. మధ్యాహ్నం నేస్తే పడేది కాదు. పొద్దున్న ఎండ ఎదురు కొడతాది కదా, కళ్ళు ఆనట్లేదు కాబోలు అనుకున్నారు. కాదు, ముందు నన్నే అన్నారు. అట్ట తిరగేసి కుట్టావన్నారు. ముప్పై ఏళ్ళ నుంచీ ఆయన అట్టలు నేనే కుడుతున్నాను, ఒక్క మాట పడలేదు. ఆ నెల్లో నాలుగుసార్లు మొత్తం విప్పించి కుట్టించారు. పక్కింటివాళ్ళు వింటుండగా అన్నారు, నీ చేతులు పడిపోయాయే అని."

నేను తల దించుకుని వింటున్నాను.

"చిల్లుల్లో పొట్టు వేలాడేవి కొన్ని కనిపిస్తే గోటితో తీసేశానండి నేను. అంటుకుని ఉన్నవి కనపడలేదు. తర్వాత నన్ననడం మానేశారు. తనని తనే అనుకోవడం మొదలెట్టారు. దానికంటే నన్ననడమే బాగుండేది. కాకినాడ వెళ్ళి కళ్ళు చూపించుకున్నారు. ఈ వయసుకి కళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నాడట డాక్టరు. వాడికి మగ్గం సంగతేం తెలుసన్నారు ఈయన. బజార్లో జోడొకటి కొనుక్కుని పెట్టుకున్నారు. జోడు పెట్టినా తప్పు పోలేదు. షావుకారు మూడో చీర కూడా వెనక్కి పంపించాడు. మర్నాడు గుంటలో ఇసక పోయించారు."

ఆయన వచ్చేసరికి రెండయింది. బయట ఎండ చిటపటలాడుతోంది. నన్ను చూసి, "ఏమ్మా, బాగున్నావా?" అన్నారు. మోకాళ్ళ వరకూ బురద ఎండిపోయి ఉంది. చొక్కా జేబులో కళ్ళజోడు.

నేను ఏదీ దాచుకోకుండా చెప్పాను. నంబరు రావడం, దాన్ని రాకుండా చేయడం, చెమ్మ, ఆ రెక్కలు. మీ కళ్ళది కాదు తప్పు, పిన్నిగారిది కాదు, నాది అని చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ శ్రద్ధగా విన్నారు. తిన్నాక చెయ్యి కడుక్కొచ్చి, "ఏదీ, చూపించు" అన్నారు.

పాత అట్టలు అటక మీద నుంచి ఆమె దింపారు. కింద పొయ్యి ఉంది. ఆ వేడికి అవి పెళుసెక్కి ఉన్నాయి. నేను ఒక్కో అట్టా వాకిట్లో ఎండకి ఎదురుగా పట్టుకున్నాను. ప్రతి చిల్లూ తెరుచుకుని ఉంది. పిన్ను పెడితే సాఫీగా దూరింది. పది అట్టలు చూశాను, ఇరవై చూశాను. రెక్కలు ఎక్కడో ఉన్నాయి, వెనక్కి వంగి అట్టకి అతుక్కుపోయి. చూపించడానికి ఒక్కటీ దొరకలేదు.

"ఏదమ్మా? నాకు కనపడట్లేదు" అన్నారు. జోడు తీసి పెట్టుకున్నారు. పెట్టుకుని చూసి, "కనపడట్లేదు" అన్నారు మళ్ళీ.

చెంబులో నీళ్ళు తీసుకుని ఒక అట్ట మీద చిలకరించాను. అట్ట మెత్తబడి వంకర తిరిగింది. చిల్లులన్నీ కలిసి కోలగా సాగాయి.

"నీళ్ళు పోస్తే ఏ అట్టయినా పాడవుద్ది కదమ్మా" అన్నారాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"కాదు బాబాయిగారూ. పొద్దున్నే చూస్తే కనపడుతుంది. రేపు పొద్దున్న చూడండి."

"మీ ఓనరు పంపాడా?"

"లేదండి. నేను వచ్చినట్టు ఆయనకి తెలీదు."

"నువ్వు మంచిదానివి" అన్నారు. "ముసలాడు బాధపడుతున్నాడని ఓ మాట చెప్పిపోదామని ఇంత దూరం వచ్చావు. ఆ రోజు నా ముందే చూశావు కదా, కంప్యూటర్లో తప్పులేదని చెప్పావు కదా. నిజం చెప్పావు. నిజం చెప్పినందుకు ఇప్పుడు నువ్వెందుకు ఇదవుతావు? చేతకానప్పుడు దిగిపోవాలి. మా నాన్నా దిగిపోయాడు."

నాకు ఏడుపొచ్చింది. అది చూసి ఆయన ఇంకా నొచ్చుకున్నారు. మజ్జిగ ఇవ్వమని భార్యకి చెప్పి, రొయ్యలకి మేత వేసే వేళయిందని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఆమె మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి పక్కనే కూర్చున్నారు. "నేను నమ్ముతున్నానమ్మా" అన్నారు. "మీరు చెబుతుంటేనే తెలిసింది నాకు. ఆయన ఒప్పుకోరు. ఒప్పుకుంటే నన్నన్న మాటలన్నీ ఊరికే అన్నట్టే కదా. మగ్గం ఊరికే పోయినట్టే కదా. కళ్ళు పోయాయనుకుంటేనే ఆయనకి నయం."

కొత్త అట్టల సంచులు మంచం మీద పెట్టి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏం చూశానో గుర్తులేదు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తెల్లారేసరికి అక్కడుండాలని తొలి బస్సుకి వెళ్ళాను. ఆయన అప్పటికే చెరువుకి వెళ్ళిపోయారు. రెండోసారి ఇంట్లోనే ఉన్నారు. నా గొంతు విని దొడ్డిదారిన బయటికి వెళ్ళారని ఆమె చెప్పలేదు గాని, దొడ్లో కోళ్ళు బెదిరి అరవడం నాకు వినపడింది.

నేను చాలా ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాను. వేరే వాళ్ళు రాసిన ప్రోగ్రాంలు చదివి సరిచూడటం నా పని. పొరపాటు వస్తే పట్టుకునే చోట ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేస్తుంటారు పిల్లలు. "ఇక్కడ ఏదో ఒకటి రాయి" అంటాను. "ఎప్పుడో గాని రాదు మేడమ్, వచ్చినా ఏం కాదు" అంటారు. ఏమవుతుందో చెప్పడానికి నోరు తెరుస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "నియమం అలా ఉంది" అనేసి ఊరుకుంటాను. వాళ్ళు రాస్తారు. నేను చెప్పాను కాబట్టి రాస్తారు.

పిఠాపురంలో ఆ ఉద్యోగం మానేసే ముందు ఒకసారి ఆమె బస్టాండులో కనిపించారు. ఆ వేళ సంత. చేతిలో బెల్లం, చింతపండు ఉన్న సంచి. బాబాయిగారు ఎలా ఉన్నారని అడిగాను. చెరువు దగ్గరే ఉంటున్నారు, అన్నానికి కూడా రావడం లేదు, క్యారేజీ తనే తీసుకెళ్తున్నానని చెప్పారు. అట్టలు మరిది కొడుకుకి ఇచ్చేశారట. వాడు జాకార్డు లేకుండానే నేస్తున్నాడు, అటక మీద పెట్టి ఉంటాడు అన్నారు.

"ఒకసారి మళ్ళీ వచ్చి మాట్లాడనా పిన్నిగారూ? తీరిగ్గా చెబితే..."

ఆమె నా ముంజేయి పట్టుకున్నారు. "ఏమీ అనుకోకండమ్మా. మీరు రాకండి" అన్నారు. "మీరొచ్చి వెళ్ళిన రోజల్లా ఆయన చేతులు ముందు పెట్టుకుని వేళ్ళు చూసుకుంటూ కూర్చుంటారు. అన్నం తినరు. మర్చిపోతే మర్చిపోనివ్వండి."

సరేనన్నాను. ఉప్పాడ బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఆమె సంచి నేను పట్టుకున్నాను. ఎక్కి, సీటు దొరకక, వెనక కిటికీ దగ్గర నిలబడి చెయ్యి చాపారు. సంచి అందించాను. బస్సు కదిలింది.